నలభై ఏడో నంబరు బిళ్ళ

ఒకే పెళ్ళిళ్ళ సీజనులో మా సంఘం కల్యాణ మండపం ముందు నుంచి రెండు మోటారు సైకిళ్ళు పోయాయి. రెండూ ఖరీదైనవే. మొదటిది పోయినప్పుడు హ్యాండిలు లాకు వేసుకోలేదని అందరూ సొంతదారుణ్ణి తిట్టారు. రెండోది పోయినప్పుడు వాచ్‌మన్‌ను తిట్టారు. తర్వాత జరిగిన కమిటీ సమావేశంలో నేను లేచి, ఒక పద్ధతి అంటూ ఉంటే ఇవి పోవు అన్నాను. అంత మాట అన్నాక ఆ పద్ధతేదో నువ్వే పెట్టమంటారని తెలియనంత అమాయకుణ్ణి కాదు. రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. పొద్దున పేపరు, సాయంత్రం నడక తప్ప పని లేదు. పెట్టమనాలనే అన్నానేమో కూడా.

తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ముప్ఫయి మూడేళ్ళు పనిచేశాను. ఆ గదిలోంచి చీటీ లేకుండా ఒక్క ఫైలు బయటికి వెళ్ళనివ్వలేదని పేరు. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. ఏటా ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చే డైరీయే, రోజుకో పేజీ, వదలకుండా. వాన పడితే ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగిందో కూడా ఉంటుంది. ఊళ్ళో ఏదన్నా తగాదా వచ్చి ఫలానాది ఏ రోజు జరిగిందని అనుమానం వస్తే మా ఇంటికి వచ్చి అడిగేవారు. నేను పేజీ తీసి చెబితే తగాదా అక్కడితో ఆగేది. ఇది గొప్పకు రాయడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

మా తిరువూరు నుంచి తెలంగాణ సరిహద్దు ఎంతో దూరం లేదు. ఇక్కడ మనం కాగితం మీద బండి నంబరు రాసుకునేలోపు దొంగ వేరే రాష్ట్రంలో ఉంటాడు. ఇప్పటి బళ్ళు కూడా వెనకటివి కావు. దున్నపోతంత ఉంటాయి, లక్షలు పోసి కొంటారు, స్టార్టు చేస్తే మా వీధి చివర ఉన్న పసిపిల్లలు కూడా లేస్తారు. అలాంటివి పెళ్ళికి నలభై యాభై వస్తాయి. మండపం ముందు స్థలం చూస్తే ఇరుకు. వంటవాళ్ళ వ్యాను రావాలి, నీళ్ళ ట్యాంకరు రావాలి, బ్యాండు మేళం వాళ్ళ బండి రావాలి. అడ్డం ఉన్న బండి ఎవరిదో కనుక్కోవడానికి మైకులో అరిస్తే పురోహితుడు విసుక్కుంటాడు. అందుకని మా ప్రాంతంలో ఫంక్షను హాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు, తాళం బండికే వదిలి వెళ్ళడం. ఎవరికి అడ్డమైతే వాళ్ళు జరుపుకుంటారు. దొంగలకు ఇంతకంటే సదుపాయం ఏం కావాలి?

నేను పెట్టిన పద్ధతి చాలా మామూలుది. గేటు లోపల ఒక బల్ల, కుర్చీ. వెనక ప్లైవుడ్ బోర్డు మీద మేకులు. ఒక్కో నంబరుకీ రెండు రేకు బిళ్ళలు. ఒకటి బండి తాళంతో పాటు మేకుకు వేలాడుతుంది, రెండోది సొంతదారు జేబులో ఉంటుంది. బిళ్ళ ఇస్తేనే తాళం. రిజిస్టరులో బండి నంబరు, ఏ ఊరు, వచ్చిన టైము, బిళ్ళ నంబరు, చివర బిళ్ళ తిరిగి వచ్చినట్టు టిక్కు పెట్టే గడి. పేరు రాసే గడి పెట్టలేదు. పెళ్ళికొచ్చిన పెద్దమనుషుల్ని పేరడిగితే బాగుండదనుకున్నాను. బళ్ళు అటూ ఇటూ జరపడం వాచ్‌మన్ పని.

వాచ్‌మన్ గురించి చెప్పాలి. పదేళ్ళుగా మండపం వెనక ఉన్న రేకుల గదిలో కాపురం. గంపలగూడెం వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై దాటాయి. భార్య మండపంలో గుండిగలు, గంగాళాలు తోముతుంది. అతనికి అంకెలు వచ్చు, చదవడం రాదు. ఎంత బరువు బండినైనా స్టాండు తీసి, నడుం ఆనించి, మనం బీరువా జరిపినంత నెమ్మదిగా జరిపేవాడు. మా ఇద్దరి హయాంలో రెండు సీజన్లు గడిచాయి. ఒక్క బండి పోలేదు.

మూడో ఏడాది కార్తీకంలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి కూతురి పెళ్ళి వచ్చింది. ఆయన నాకు వరసకు బావమరిది అవుతాడు. మగపెళ్ళివారు ఖమ్మం వాళ్ళు. తెల్లవారుతూనే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేని మొహం.

"బావగారూ, ఒక్కమాట. మగపెళ్ళివారి దగ్గర మాత్రం టోకెన్లూ గీకెన్లూ అని పట్టుబట్టకండి."

"అందరికీ ఒకటే పద్ధతి బావా. లేకపోతే అది పద్ధతెలా అవుతుంది?"

"మీ పద్ధతి మీ రికార్డు గదిలో చెల్లుద్దండీ. నిన్న ఎదురుకోలులో కాఫీలో పంచదార తక్కువైందని నన్ను ముప్పావుగంట నిలబెట్టారు. పెళ్ళికొడుకు మేనత్తయితే గ్లాసు కింద పెట్టి అటు తిరిగి కూర్చుంది. పిల్ల మెడలో మూడు ముళ్ళు పడేదాకా నన్ను బతకనివ్వండి."

"సరేలే, చూస్తాను" అన్నాను. చూస్తాననడమే తప్పు. పద్ధతిలో చూడడం అనేది ఉండకూడదు.

తొమ్మిదిన్నరకు ఒక స్కూలు మాష్టారు వచ్చాడు. విస్సన్నపేట నుంచి. ముప్ఫయి అయిదేళ్ళు ఉంటాయేమో. నల్లటి పెద్ద బండి, ట్యాంకు మీద వేలు పెడితే మొహం కనబడేంత మెరుపు. దిగి, సీటు కింది పెట్టెలోంచి ఇంత లావు చెయిను తీసి వెనక చక్రానికి వేశాడు. ముందు చక్రం డిస్కుకు ఇంకో లాకు పెట్టాడు. ముట్టుకుంటే కూసే అలారం కూడా ఉందన్నాడు.

"తాళం ఇవ్వాలండి" అన్నాను.

"నేను వేసుకున్నాను కదా సార్. ఇంకెవరూ కదపలేరు."

"అదే కదా ఇబ్బంది. నీళ్ళ ట్యాంకరు వస్తే మేమూ కదపలేం. చెయిను తీసేయండి, లాకు తీసేయండి. తాళం మా బోర్డు మీద ఉంటుంది. నేను ఇక్కడ నుంచి లేవను."

"ఆరేళ్ళు అనుకుని అనుకుని కొన్నాను సార్. ఇంట్లో కూడా హాల్లోనే పెడతాను."

"ఇక్కడ మీ హాల్లో కంటే భద్రం" అన్నాను నేను. అచ్చంగా ఆ మాటే. అతను ఇష్టం లేకుండానే చెయిను విప్పి పెట్టెలో పెట్టి, తాళం నా చేతికిచ్చాడు. నలభై ఏడో నంబరు బిళ్ళ ఇచ్చాను. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకోవడం చూసి, జాగ్రత్త తెలిసిన మనిషి అనుకున్నాను.

పదకొండు దాటాక లోపల మేళం గట్టిగా మోగింది. జీలకర్ర బెల్లం పెట్టించారన్నమాట. అప్పుడే ట్యాంకరు వచ్చింది. వాచ్‌మన్ దాన్ని పక్క సందులోంచి వెనక్కి తీసుకెళ్ళడానికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను.

లోపల నుంచి నలభై ఏళ్ళ మనిషి గబగబా వచ్చాడు. పట్టుపంచె, ఉత్తరీయం, నుదుట బొట్టు, జుట్టులో అక్షింతలు.

"పెద్దవారూ, ఆ చివర నల్ల బండి తాళం ఇవ్వండి, త్వరగా."

"బిళ్ళ?"

"బిళ్ళ మా బావ దగ్గరుందండీ. ఆయన పెళ్ళికొడుకు పక్కన పీట మీద ఉన్నాడు. మా వైపు సూత్రం డబ్బా లాడ్జి గదిలో మర్చిపోయారు. పంతులుగారు మంత్రాలు సాగదీస్తున్నారు పాపం, ఎంతసేపని సాగదీస్తారు?"

నేను రిజిస్టరు చూశాను. "ఇది విస్సన్నపేట బండి అని ఉందే. మీరు ఖమ్మం కదా?"

"మా బావది విస్సన్నపేటే. ఖమ్మం వాళ్ళకి విస్సన్నపేటలో చుట్టాలుండకూడదా? రూలేమన్నా ఉందా?"

"అది కాదండి. బిళ్ళ లేకుండా..."

అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అన్నాడు. "సరేనండీ. లోపలికెళ్ళి మా అత్తయ్యగారితో చెబుతాను. బండి తాళం కోసం ఆడపెళ్ళివారు బిళ్ళ అడుగుతున్నారు, సూత్రం వద్దట అని. నిన్న కాఫీకే అంతైంది."

కాఫీ సంగతి అతనికి తెలుసు. అది తెలిస్తే ఇంటిమనిషే అనుకున్నాను. ఎదురుకోలు విడిదిలో జరిగింది, వచ్చినవాళ్ళు అందరూ చూశారు, పొద్దున టిఫిన్ల బంతిలో అందరూ అదే చెప్పుకున్నారు. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. మా బావమరిది మొహం ఒక్కటే కళ్ళ ముందు కనబడింది. మేకు మీంచి తాళం తీసి ఇచ్చాను.

"బిళ్ళ అయిదు నిమిషాల్లో పంపిస్తానండీ" అని అతను బండెక్కాడు. స్టార్టు చేసిన పద్ధతి చూస్తే రోజూ నడిపేవాడిలాగే ఉంది. రోజూ నడిపేవాడేనేమో, ఎవరిదైతేనేం.

అతను గేటు దాటాక నేను చేసిన పనే అసలు పని. మేకుకు మిగిలిన రేకు బిళ్ళ తీసి, ఎప్పటిలాగే బల్ల సొరుగులో పడేశాను. రిజిస్టరులో నలభై ఏడుకు ఎదురుగా, బిళ్ళ తిరిగి వచ్చినట్టు టిక్కు పెట్టాను. ఎలాగూ వస్తుంది కదా. గడి ఖాళీగా ఉంటే నా కన్ను దాని మీదే ఉంటుంది, మిగతా పని సాగదు. రికార్డు గదిలో ఎన్నడూ చేయని పని అది, ఒక్కసారి కూడా.

వాచ్‌మన్ తిరిగొచ్చి ఖాళీ చోటు చూశాడు. "నలభై ఏడు ఎవరు తీసుకెళ్ళారు సార్?"

"మగపెళ్ళివారే."

"బిళ్ళ వచ్చిందాండీ?"

"పంపిస్తారులే."

అతను ఖాళీ చోటులోకి పక్క బండి జరిపాడు.

రెండు గంటలకు స్కూలు మాష్టారు భోజనం చేసి, నోట్లో తాంబూలంతో వచ్చి, రుమాలు విప్పి బిళ్ళ బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత పావుగంటలో అక్కడ వంద మంది చేరారు. మా సంఘం అధ్యక్షుడు రైసుమిల్లు యజమాని. ఆయన వచ్చి రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. మండపంలో కెమెరా ఒకటుంది గానీ, సామాన్లు పోతున్నాయని దాన్ని వంటశాల వైపు తిప్పి ఉంచారు. కాబట్టి ఆధారం రిజిస్టరే.

"టిక్కు ఉంది" అన్నాడు ఆయన. "బిళ్ళేమో మాష్టారి దగ్గరే ఉంది. అంటే తాళం బోర్డు మీంచి ఎవరో కాజేసి, లెక్క సరిపోవాలని రెండో బిళ్ళ కూడా సొరుగులో వేశారు. పెద్దాయన అది చూసుకుని బిళ్ళ వచ్చిందనుకుని టిక్కు పెట్టి ఉంటారు. బోర్డు ముట్టుకునేది ఇద్దరు. అందులో ఒకరు ఈయన."

నా వైపు ఎవరూ అనుమానంగా చూడలేదు. ఈయన అనే మాట దగ్గర అందరూ తల ఊపారు. తర్వాత అందరూ వాచ్‌మన్ వైపు తిరిగారు. వెనకటి రెండు బళ్ళు కూడా వీడే అని ఎవరో అన్నారు. మాష్టారి తమ్ముడు వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. పై గుండీ తెగి నా బల్ల మీద పడింది.

వాచ్‌మన్ నా వైపు చూశాడు. బతిమాలినట్టు కాదు. మామూలుగా, ఏ బండి జరపమంటారని అడిగేటప్పుడు చూసినట్టు చూశాడు.

నేను నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఆ సాయంత్రం నాకు నేను బాగానే చెప్పుకున్నాను. మగపెళ్ళివారు అక్కడే ఉన్నారు. అప్పగింతలు ఇంకా కాలేదు. 'మీ మనిషికే ఇచ్చాను' అంటే, పిల్లనిచ్చిన రోజునే మమ్మల్ని దొంగలంటారా అని లేచిపోరూ? అప్పగింతలయ్యాక చెబుదామనుకున్నాను. అప్పగింతలయ్యాయి. మా బావమరిది గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఇప్పుడేం చెబుతామనుకున్నాను. వాచ్‌మన్‌ను స్టేషనుకు పిలిచి, అడగాల్సినవి అడిగి, సాయంత్రానికి పంపించేశారు. ఇంటికొచ్చేశాడు కదా, రేపు చెబుదామనుకున్నాను.

ఆ రోజు డైరీలో ఒక పేజీ నిండా రాశాను. ముహూర్తం, ట్యాంకరు వచ్చిన టైము, ఎన్ని బళ్ళు, ఏమేం వడ్డించారు, బండి పోయిన సంగతి, జనం ఏమన్నదీ. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చదువుకుంటే అందులో పట్టుపంచె మనిషి లేడు. నేను అతన్ని రాయలేదు. దాదాపు నలభై ఏళ్ళుగా రాసిన డైరీలన్నీ అటక మీద ఉన్నాయి. వాటిలో ఇంకెక్కడెక్కడ ఇలా వదిలేశానో నాకే తెలియదని మొదటిసారి అనిపించింది. చాలా అలసటగా అనిపించింది. పడుకున్నాను, నిద్ర రాలేదు, లేచి కూర్చున్నాను. ఆ రోజూ చెప్పడానికి వెళ్ళలేదు.

మూడో రోజు పాలు పోసే ఆవిడ చెప్పింది. వాచ్‌మన్‌ను కమిటీ తీసేసిందట, సాయంత్రంలోగా గది ఖాళీ చేయమన్నారట. దొంగతనం ముద్ర పడ్డ మనిషికి ఈ చుట్టుపక్కల ఇంకే మండపంలోనూ, ఏ మిల్లులోనూ, ఏ మామిడి తోటలోనూ కాపలా పని ఇవ్వరు. అది నాకు తెలుసు. చొక్కా వేసుకుని మిల్లుకు వెళ్ళాను.

అధ్యక్షుడు నాకు కుర్చీ వేయించాడు. నేను జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చిరునవ్వుతో విన్నాడు.

"అన్నగారూ, మీ మనసు నాకు తెలుసు. పదేళ్ళుగా ఉన్న మనిషి రోడ్డున పడుతున్నాడని మీరు తట్టుకోలేకపోతున్నారు. అందుకని మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"నెత్తిన వేసుకోవడం కాదు. నేనే ఇచ్చాను."

"మీరు బిళ్ళ లేకుండా తాళం ఇస్తారా? ఊళ్ళో ఎవరన్నా నమ్ముతారా?"

"ఆ టిక్కు ఎవరిది?"

"మీదే."

"బిళ్ళ రాకుండా పెట్టాను. సొరుగులో బిళ్ళ వేసింది కూడా నేనే."

"రాకుండా ఎందుకు పెడతారు?"

"గడి ఖాళీగా ఉంటే చూడలేక."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. చిరునవ్వు కొంచెం కొంచెంగా పోయింది. అప్పుడు నమ్మాడు. నమ్మించడం అంత కష్టమవుతుందని నేను అనుకోలేదు.

"మూడు రోజులు ఏం చేశారు మరి?" అన్నాడు చివరకు. నేను బల్ల మీది రిజిస్టరు చేతిలోకి తీసుకున్నాను. ఆయనే లేచి, "సరే, వాణ్ణి ఉండమనండి. స్టేషనులో కూడా చెప్పేసి రండి. కానీ మిగతావాళ్ళకి ఇప్పుడేం చెప్పొద్దు. ఖమ్మం దాకా పోతే మీ బావమరిదికి మాట వస్తుంది. మన మధ్యనే ఉండనివ్వండి" అన్నాడు.

స్టేషనుకు వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చాను. వాళ్ళు పెళ్ళి వీడియో తెప్పించి చూశారు. పట్టుపంచె మనిషి అందులో మూడు చోట్ల ఉన్నాడు. టిఫిన్ల బంతిలో రెండోసారి ఉప్మా వేయించుకుంటున్నాడు. మగపెళ్ళివారు అతన్ని ఆడపెళ్ళివారి మనిషనుకున్నారు, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషనుకున్నారు. మొహం స్పష్టంగానే ఉంది. కానీ అప్పటికి మూడు రోజులు. బండి ఏ రంగు వేసుకుని ఏ ఊళ్ళో తిరుగుతోందో. స్కూలు మాష్టారికి ఫోను చేసి నేనే చెప్పాను. అతను కేకలేస్తాడనుకున్నాను. "ఆ రోజే చెప్పుంటే సార్..." అని ఆగిపోయాడు. తర్వాత పెట్టేశాడు. ఆ బండి ఇప్పటికీ దొరకలేదు. అతను విస్సన్నపేట నుంచి షేరాటోలో బడికి వెళుతున్నాడని తెలిసింది.

స్టేషను నుంచి మండపానికి వెళ్ళేసరికి మూడున్నర. వెనక సందులో ట్రాలీ ఆటో ఉంది. మంచం, రెండు మూటలు, గ్యాసు పొయ్యి అప్పటికే ఎక్కించేశారు. వాచ్‌మన్ తాడు బిగిస్తున్నాడు. చొక్కాకు పై గుండీ లేదు, పిన్నీసు పెట్టి ఉంది.

"ఆపు అబ్బాయ్. నువ్వు వెళ్ళక్కర్లేదు. ప్రెసిడెంటు గారితో చెప్పాను, నేనే ఇచ్చానని."

అతను తాడు వదల్లేదు. "ఎప్పుడు చెప్పారు సార్?"

"ఇవాళే."

"నేను ఆ రోజే చెప్తారనుకున్నాను." తాడు ముడి వేస్తూ, "అందుకే నేను ఏం అనలేదండి. మీరుండగా నేనెందుకు చెప్పడం, మీరే చెప్తారులే అని ఊరుకున్నాను" అన్నాడు.

అది విన్నాక గది అరుగు మీద కూర్చున్నాను. అతను చెప్పి ఉన్నా ఎవరూ నమ్మేవారు కాదు. అది అతనికీ తెలుసు. కానీ అతను చెప్పకపోవడానికి కారణం అది కాదు.

నా వెంట రిజిస్టరు ఉంది, మిల్లు నుంచి తెచ్చాను. బల్ల లేదు కాబట్టి మోకాలి మీద పెట్టుకుని ఆ టిక్కును కొట్టేశాను. పక్కన రాశాను. సంతకం పెట్టాను.

"ఏం రాశారండీ?" అన్నాడు.

"చదువుతాను విను. 'ఈ బండి తాళం బిళ్ళ లేకుండా నేనే ఇచ్చాను. బిళ్ళ వచ్చినట్టు నేను పెట్టిన గుర్తు అబద్ధం. వాచ్‌మన్‌కు దీంతో సంబంధం లేదు.'"

"ఇంకోసారి చదవండి. మా ఆవిడ వింటది."

ఆమె గదిలోంచి చీపురుతో వచ్చింది. ఖాళీ చేసే గదిని కూడా ఊడుస్తోంది. మళ్ళీ చదివాను. చీపురు కింద పెట్టకుండానే విన్నది.

"ప్రెసిడెంటు గారి దగ్గర ఎంతమంది ఉన్నారయ్యా, మీరు చెప్పినప్పుడు?"

"ఆయన, నేను."

"మా ఆయన చొక్కా పట్టుకున్నప్పుడు ఎంతమంది ఉన్నారు?"

నేను రిజిస్టరు మూశాను.

"నేను లెక్కపెట్టలేదులెండి. గిన్నెలు తోముకుంటన్నాను. దొంగ నాకొడకా అన్నది నాకు బావి దాకా వినపడింది. ఇప్పుడు మీరు ఇట్టా సందులో చదివితే ఎవరికి వినపడద్ది?"

"ఊరుకోవే" అన్నాడు అతను.

"ఎందుకూరుకోవాలి? మూడ్రోజులు ఊరుకున్నావుగా. ఏమొచ్చింది? అయ్యా, అందరి ముందు చదవండి. అప్పటిదాకా మేము ఇక్కడే ఉంటాం గానీ, మూటలు విప్పను. చదవకపోతే ఇదే ఆటోని పిలుచుకుంటాం."

మంచం ఒక్కటి దింపించింది. మూటలు, పొయ్యి తాడుతో కట్టినవి కట్టినట్టే గదిలో పెట్టించింది. ఆ తర్వాత వారం రోజులు ఆమె ముందు గేటు పక్కన ఇటుకలు పేర్చి, పుల్లలతో వండింది. గదిలోనే వండుకోవచ్చు. కానీ రోడ్డు మీద పోయే మా సంఘం వాళ్ళందరికీ కనబడాలనే అక్కడ పెట్టింది.

ఆ వారం చివర వచ్చిన ఆదివారం మా సంఘం కార్తీక వనభోజనాలు. రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడి తోటలో. ఊళ్ళో మా వాళ్ళందరూ వస్తారు. వాచ్‌మన్‌కు బళ్ళ కాపలా, అతని భార్యకు గిన్నెలు, ఏటా ఉండే పనే. ఆ ఏడాది కూడా రమ్మన్నారు, వచ్చారు. కానీ అతను బళ్ళ దగ్గర నిలబడితే, తాళాలు ఎవరూ అతని చేతికి ఇవ్వలేదు. ఒక్కొక్కరూ హ్యాండిలు లాకు వేసుకుని, రెండుసార్లు లాగి చూసుకుని, తాళం జేబులో వేసుకుని, అతని పక్క నుంచి నడిచి వెళ్ళారు. అతను ఎండలో ఊరికే నిలబడ్డాడు.

మొదటి బంతి కూర్చుంది. నేను రిజిస్టరు పట్టుకుని లేచాను. అధ్యక్షుడు దూరం నుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మా బావమరిది నా పక్క ఆకు దగ్గరే ఉన్నాడు. పంచె అంచు పట్టుకుని లాగాడు. "బావగారూ, ఇక్కడెందుకండీ. వాళ్ళకి తెలిస్తే పిల్ల అక్కడ..."

"నీ పేరు చెప్పను" అన్నాను. నిజంగానే చెప్పలేదు. అయినా ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

నా గొంతు పెద్దది కాదు. సగం మందికి వినబడలేదని రెండోసారి చదవమన్నారు. చదివాను. చివర ఒక వాక్యం కలిపాను, ఆ రోజే చెప్పవలసింది, చెప్పలేదు అని. ఆకుల మీద పప్పు, వంకాయ కూర వడ్డించి ఉన్నాయి. నెయ్యి గిన్నె పట్టుకున్నాయన వంగిన చోటే ఆగిపోయాడు. పెళ్ళి రోజున చొక్కా పట్టుకోవడం చూసినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఎవరూ బళ్ళ వైపు తల తిప్పలేదు. చివరికి బంతి ఆ చివర నుంచి ఒకాయన, "అయిందేదో అయింది, కూర్చోండి పెద్దాయనా, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు. నెయ్యి గిన్నె మళ్ళీ కదిలింది.

నేను కూర్చున్నాను గానీ తినలేకపోయాను. మజ్జిగ మాత్రం తాగి చెయ్యి కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ భార్య అక్కడే పెద్ద గుండిగలో సగం దూరి అడుగు గీకుతోంది. నన్ను చూసింది. పక్కకు జరిగి పంపు దగ్గర చోటిచ్చింది.

బళ్ళ వైపు తిరిగి భర్తను కేకేసింది. "ఇదుగో, ఇంటికెళ్ళాక ముందు ఆ గ్యాసు పొయ్యి బిగించు. పొగకి కళ్ళు పోతన్నాయి నాకు."

అతను విన్నాడో లేదో తెలియదు. ఒక పెద్దమనిషి తన తాళం అతని చేతిలో పెట్టి, అడ్డంగా ఉన్న బండి జరపమని చెబుతున్నాడు.